రాజమండ్రి జడ్జి బంగళా నుండి తల్లికి వ్రాసిన ఉత్తరములు

శతాబ్ది సంచిక అనగానే మనకు అలవాటైన చరిత్ర ఒకటి గలదు. ఏ సంవత్సరమున ఏ మిషనెరీ దొరగారు ఓడ దిగారు, ఏ ఊర మొదటి బాప్తిస్మము జరిగింది, ఏ గుడికి ఎవరు పునాదిరాయి వేశారు అనే వరుసలో అది సాగుతుంది. అవసరమైన చరిత్రే. అయితే దానికి ఆధారములు చాలావరకు మిషను రిపోర్టులు, కమిటీ మినిట్సు, చందా లెక్కలు. అవన్నీ పైవారికి పంపడానికి వ్రాసినవి. పైవారికి వ్రాసేటప్పుడు ఎంతటివారైనా కొంచెము సర్దుకొని కూర్చుంటారు. కన్నతల్లికి వ్రాసేటప్పుడు అలా కాదు. గోదావరి డెల్టాలో మన సంఘములు ఇంకా మొలకెత్తుతున్న రోజులలో, ధవళేశ్వరము ఆనకట్ట కట్టక పూర్వము, రాజమండ్రిలో కాపురమున్న ఒక యువతి ఇంగ్లండులోని తన తల్లికి వ్రాసిన ఉత్తరములు ఈనాటికీ పుస్తకరూపములో ఉన్నవి. మన సంఘస్థులలో ఆ పుస్తకము పేరు విన్నవారు తక్కువ. అందుచేత వాటిని గూర్చి నాలుగు మాటలు వ్రాయదలచాము.

పుస్తకము పేరు ‘లెటర్స్ ఫ్రమ్ మద్రాస్’. 1836 నుండి 1839 వరకు వ్రాసిన ఉత్తరములు. 1843లో లండనులో జాన్ మర్రే అనే ప్రసిద్ధ ప్రచురణకర్త అచ్చు వేశారు. రచయిత్రి పేరు ఉండవలసిన చోట ‘ఒక స్త్రీ’ అని మాత్రమే ఉన్నది. లోపల కూడా మనుషుల పేర్లకు బదులు ఒక అక్షరము, ఒక గీత. భర్తగారి పేరు వచ్చిన చోటల్లా ‘ఎ’ అనే అక్షరమే. పేరు మద్రాసుదే గాని, అందులో మనకు ప్రాణమైన భాగము రాజమండ్రి నుండి వ్రాసినది.

ఆ స్త్రీ పేరు జూలియా షార్లెట్. పుట్టింటి పేరు బారెట్. 1808లో జన్మించారు. 1836లో మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి జేమ్స్ థామస్ గారిని వివాహమాడి, ఆ సంవత్సరమే ఓడ ఎక్కి డిసెంబరులో మద్రాసులో దిగారు. థామస్ గారికి రాజమండ్రి జిల్లా జడ్జి ఉద్యోగము కావడముతో 1837లో ఇక్కడికి వచ్చారు. అప్పటికి ఆమెకు ఇరవై తొమ్మిదేళ్ళు నిండలేదు.

ఆమె పుట్టిన కుటుంబము ఉత్తరములు వ్రాసే కుటుంబము, అంతకంటె ముఖ్యముగా వాటిని దాచే కుటుంబము. ఆమె తల్లి షార్లెట్ బారెట్‌గారికి పెద్దతల్లి వరుస అయిన ఫానీ బర్నీ ఇంగ్లీషు సాహిత్యములో పేరు మోసిన నవలా రచయిత్రి. ఆమె మొదటి నవల ‘ఎవెలీనా’ 1778లో వెలువడినది. అదీ ఒక యువతి ఉత్తరముల రూపములో వ్రాసిన కథే. దాని మీదా రచయిత్రి పేరు వేయలేదు. 1840లో ఫానీ బర్నీ చనిపోతూ తన కాగితములను జూలియా తల్లికి అప్పగించినారు. 1842 మొదలు 1846 వరకు ఆ తల్లి తన పెద్దతల్లి దినచర్యలను, ఉత్తరములను సంపుటములుగా ప్రకటించారు. ఆ పని జరుగుతున్న నడుమ, 1843లో, కూతురి రాజమండ్రి ఉత్తరములు అచ్చయినవి. కాగితము ముక్కను పారవేయని ఇల్లు కనుకనే ఆ ఉత్తరములు నేడు మనకు దక్కినవి. మన ఇండ్లలో పాత ఉత్తరములు ఇనుప తీగకు గుచ్చి దూలమునకు వ్రేలాడదీయడము, అవి కాస్తా చెదలపాలు కావడము తెలిసినదే.

ఇక్కడ ఒక మాట. ఆ రోజులలో ఉత్తరము అంటే ఏమిటో ఈనాటివారికి చెప్పక తప్పదు. కవరు వాడుక ఇంకా రాలేదు. వ్రాసిన కాగితమునే మడిచి, లక్క కరగించి ముద్ర వేసి, మీద చిరునామా వ్రాసేవారు. బరువును బట్టి, దూరమును బట్టి రుసుము కనుక, కాగితము నిండిన తరువాత దానిని అడ్డముగా త్రిప్పి వ్రాసిన వరుసల మీదనే మరల వ్రాసేవారు. తపాలా బిళ్ళ ఇంగ్లండులోనే 1840లో వచ్చింది. మన దేశమంతటికీ చెల్లే బిళ్ళలు 1854లో వచ్చినవి. అందరికీ తెరచిన తపాలా ఏర్పాటుకు కంపెనీ ప్రభుత్వము చట్టము చేసినది 1837లో, అంటే ఈమె రాజమండ్రికి వచ్చిన సంవత్సరములోనే.

రాజమండ్రి నుండి మద్రాసుకు సంచీ మనిషి భుజము మీద అంచెలంచెలుగా పోవాలి. ఏరులు దాటాలి. వానకాలములో కృష్ణ, గోదావరి పడవవాని దయ. మద్రాసులో ఓడ ఎక్కితే ఆఫ్రికా ఖండము చుట్టూ తిరిగి లండను చేరడానికి నాలుగైదు నెలలు. బొంబాయి నుండి ఆవిరి ఓడలో సూయెజుకు పోయి, అక్కడ ఎడారి దాటే దగ్గరి దారి అప్పుడప్పుడే తెరుచుకుంటున్నది. సూయెజు కాలువ అప్పటికి లేదు, అది 1869 నాటిది. సరి, లెక్క వేయండి. బిడ్డకు జ్వరము అని తల్లికి వ్రాస్తే, ఏమి మందు ఇచ్చినావు అని తల్లి అడిగిన మాట తిరిగి రాజమండ్రి చేరేసరికి ఆ బిడ్డ నడక నేర్చి ఉంటుంది, లేదా సమాధిలో ఉంటుంది. ఆ కాలపు దొరల సమాధుల తోటలలో చిన్న చిన్న రాళ్ళు ఎన్ని ఉంటాయో చూచినవారికి ఈ మాట కొత్త కాదు. జూలియాగారి మొదటి బిడ్డ, ఆడపిల్ల, ఈ దేశములోనే పుట్టింది. ఆ ఉత్తరములు చదివేటప్పుడు ఈ దూరమును మనస్సులో ఉంచుకోవాలి. ఆమె హాస్యముగా వ్రాసిన చోట కూడా, తల్లి దిగులు పడకూడదని నవ్వుతున్నట్లు మాకు తోచింది.

నవ్వు మాత్రము చాలా ఉన్నది. మద్రాసులో దిగిన కొత్తలో ఆమెకు అంతా వింతే. బంగళాలో లెక్కలేనంతమంది నౌకర్లు, ఒకరి పని మరొకరు ముట్టకపోవడము, సలాములు, పంకాలు, విందులలో కునికిపాట్లు పడే దొరలు. మన వారిని చూచి నవ్వారు, తమ వారిని చూచి అంతకంటె ఎక్కువ నవ్వారు. ఒక దొరసానిని, ఇన్నాళ్ళుగా ఈ దేశములో ఉన్నారు కదా, ఇక్కడి ప్రజలను గూర్చి ఏమి తెలుసుకున్నారు అని అడిగితే, ఆమె తనకేమీ తెలియదనీ, తెలియకపోవడమే మేలనీ గర్వముగా జవాబిచ్చినదట. జూలియాగారు ఆ సంభాషణను తల్లికి పూస గ్రుచ్చినట్లు వ్రాశారు. తాను మాత్రము అటువంటి దొరసాని కాకూడదని నిశ్చయించుకున్నట్లు తరువాతి ఉత్తరములు చూస్తే తెలుస్తుంది. మున్షీని పెట్టుకొని దేశభాష నేర్చుకోసాగారు. పురుగులను, సీతాకోక చిలుకలను పోగు చేశారు. జడ్జిగారి భార్య పురుగులు ఏరుకుంటున్నదని బంగళా బంట్రోతులు ఏమనుకున్నారో ఊహించవచ్చు!

రాజమండ్రి ఆమెకు నచ్చింది. గోదావరి వెడల్పు, అవతల కొండల వరుస ఆమె కళ్ళకు పండుగ. వేసవి గాలికి తాళలేక సముద్రతీరమునకు పోయి కొన్నాళ్ళు ఉన్నారు. కాని ఆ నాటి రాజమండ్రిని మనము నేటి డెల్టాతో పోల్చుకోరాదు. ఇప్పుడు కాలువగట్టున నిలబడి చూస్తే పచ్చటి చేలు కనపడతాయి. ఆనాడు ఆ కాలువలు లేవు. గోదావరి నీరు కళ్ళముందే సముద్రములో కలిసిపోతుంటే ఇటు వరద, అటు అనావృష్టి. 1832–33 నాటి నందన కరువు దెబ్బకు జనము కకావికలైనారు. రాజమండ్రి జిల్లా జనసంఖ్య 1821లో సుమారు 7 లక్షల 38 వేలు ఉండగా, 1841 నాటికి సుమారు 5 లక్షల 61 వేలకు దిగిపోయింది. జడ్జిగారి కుటుంబము కాపురమున్నది సరిగా ఈ దిగుడు కాలములోనే. 1844లో హెన్రీ మాంట్‌గొమరీ గారు జిల్లా దుస్థితిని గూర్చి రిపోర్టు వ్రాయడము, ఆర్థర్ కాటన్ గారు 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1852లో ముగించడము తరువాతి కథ. కనుక ఈమె చూచిన గోదావరి కట్టు లేని గోదావరి.

అప్పటికి రాజమండ్రిలో మిషను స్థావరము లేదు. లూథరన్ మిషను వల్లెట్ దొరగారు వచ్చినది 1845లో. మచిలీపట్నమునకు నోబుల్, ఫాక్స్ దొరగార్లు వచ్చినది 1841లో. డెల్టా వరకు చూస్తే, ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ గారి వెంట 1836లో వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు నరసాపురము వైపు పని ప్రారంభిస్తున్న రోజులవి. వారు గొప్ప ఇంటివారు కారు. ఇంగ్లండులోని డెవన్ ప్రాంతమునుండి వచ్చిన చేతిపనుల కుటుంబములవారు, ఏ సంఘమునుండీ నిర్ణీత జీతము లేనివారు. జడ్జి బంగళా ఒక వైపు, నరసాపురములోని ఆ సామాన్య కాపురములు మరొక వైపు. ఇంగ్లీషువారు అందరూ ఒక్క తీరున బ్రతికినారనుకోవడము పొరపాటు.

జూలియా దంపతులు రాజమండ్రిలో చేసిన పని రెండు మాటలలో చెప్పవచ్చు. ఒక బడి పెట్టినారు, ఒక పఠనాలయము ఏర్పాటు చేశారు. బడిలో వేరు వేరు కులముల బాలురు కలిసి చదువుకొన్నారు. ఆ కాలములో అది చిన్న మాట కాదు. ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారన్న దాని మీద బడి నిలవడమో కూలడమో ఆధారపడే రోజులు. పుస్తకములకు కరువు. తెలుగు క్రొత్త నిబంధన 1818 నాటికే శ్రీరాంపూరులో అచ్చయినా, తెలుగులో అచ్చుపుస్తకము పల్లెలో కనపడడము అరుదు. రాజమండ్రి బజారులో చదువు అంటే ఇంకా తాటాకు, గంటమే. అటువంటి ఊరిలో వచ్చేవారు పోయేవారు కూర్చుని చదువుకొనడానికి ఒక గది ఉండాలన్న ఊహ కలిగినదంటే, ఆమె ఆ పట్టణమును తమాషా చూచి పోవలసిన ఊరుగా తలచలేదన్నమాట.

ఇక్కడ మన తెలుగువారి ఉత్తరముల పుస్తకమును కూడా జ్ఞాపకము చేయాలి. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఉన్న ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830–31లో కాశీయాత్ర చేస్తూ, దారి పొడుగునా చూచిన సంగతులు వ్రాసి కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి పంపినారు. ఆ వ్రాతలను పిళ్ళగారు 1838లో మద్రాసులో ‘కాశీయాత్ర చరిత్ర’గా అచ్చు వేయించారు. అంటే జూలియాగారు రాజమండ్రిలో కూర్చుని తల్లికి వ్రాస్తున్న సంవత్సరములోనే తెలుగులో ఒక స్నేహితుని వ్రాతలు పుస్తకమైనవి. రెండింటిలోనూ దారులు, ఊళ్ళు, ధరలు, మనుషుల నడవడి ఉన్నవి. ఇద్దరూ ఒకరి పుస్తకమును ఒకరు చూడలేదు. రెండూ పక్కపక్కన పెట్టి చదివితే, ఆ దశాబ్దపు తెలుగుదేశము రెండు కళ్ళతో చూచినట్లు కనపడుతుంది.

ఆమె పుస్తకములోని లోపములను దాచవలసిన పని లేదు. మన ఇరుగుపొరుగు హిందువుల పూజలను, ఉత్సవములను గూర్చి ఆమె వ్రాసిన మాటలలో ఎగతాళి ఎక్కువ. మనతో కలిసి మెలిసి బ్రతికే వారికి నేడు వాటిని చదివి వినిపించడానికి మనకే సంకోచము కలుగుతుంది. పెద్ద ఉద్యోగి ఇంటి అరుగు మీదనుండి చూచిన చూపు అది. బంగళాలోనికి వచ్చినవారు చెప్పినదే ఆమెకు తెలుసు. వచ్చినవారిలో పని కావలసినవారే ఎక్కువ.

అయితే ఒక విషయములో ఆమె కోపము తమ ప్రభుత్వము మీదనే. కంపెనీవారు గుడుల ఆదాయము వసూలు చేసుకొంటూ, ఉత్సవములకు సిపాయిలను పంపి మర్యాదలు చేయిస్తూ, మరొక వైపు క్రైస్తవుల మనస్సాక్షిని లెక్క చేయకపోవడము ఆమెకు కిట్టలేదు. ఇది ఆమె ఒక్కతె గొడవ కాదు. 1836లో మద్రాసులోని పాదిరులు, ఉద్యోగులు కొందరు దీనిమీద ప్రభుత్వమునకు మహజరు పెట్టుకోగా, దానిని పైకి పంపిన మద్రాసు మొదటి బిషప్పు డేనియల్ కారీ గారికి చీవాట్లు వచ్చినవి. ఆయన 1837 ఫిబ్రవరిలో కాలము చేశారు. మద్రాసు సేనాధిపతి సర్ పెరిగ్రిన్ మెయిట్‌లండ్ గారు ఈ విషయము మీదనే 1838లో ఉద్యోగము వదలుకొన్నారు. మతము వారి చేతిలో ఉండాలి గాని సర్కారు చేతిలో ఉండకూడదన్న వాదము అందులో ఉన్నది. హిందూ సోదరులకైనా, మనకైనా అది వర్తించే వాదమే.

మాకు ఈ ఉత్తరములలో అన్నిటికంటె బాధ కలిగించినది వేరొకటి. పేజీ పేజీకి ఆయా ఉన్నది. ఆ బిడ్డను ఎత్తుకొన్నది, నిద్రపుచ్చినది, దిష్టి తీసినది ఆవిడే అయి ఉంటుంది. దొరసాని ఇల్లు విడిచి వచ్చినట్లే ఆయా కూడా తన ఇల్లు విడిచి వచ్చింది. ఆమెకూ ఎక్కడో తల్లి ఉండి ఉంటుంది. ఆమె మాటలు మనకు దొరసాని నోటనే, ఇంగ్లీషులోనే, అందునా నవ్వు పుట్టించే తీరులోనే వినపడతాయి. అదే సంవత్సరములలో రాజమండ్రిలో అత్తవారింట ఉన్న తెలుగు ఆడపడుచు పుట్టింటికి తన మాట చేరవేయాలంటే, గాజులు అమ్ముకొనేవాని చేతనో, అటు పోయే బండివాని చేతనో కబురు పంపాలి. వ్రాతమూలకముగా పంపాలంటే కరణముగారి ముందు నిలబడి చెప్పాలి. అత్తగారు పక్కన నిలబడి వింటూండగా కూతురు తల్లికి ఏమి చెప్పగలదు? అందరూ క్షేమము అని వ్రాయించి ఊరుకొంటుంది.

ఇది మారడానికి చాలా కాలము పట్టింది. అదే రాజమండ్రిలో 1848లో పుట్టిన కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరములో బాలికల పాఠశాల పెట్టినారు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహము జరిపించారు. 1883లో స్త్రీల కొరకు ‘సతీహితబోధిని’ అనే పత్రిక తెచ్చారు. మిషనులు పెట్టిన బాలికల బోర్డింగులు మరొక వైపునుండి అదే పని చేసినవి. మా చిన్నతనములో పల్లెకు బోర్డింగు పిల్ల వ్రాసిన కార్డు వస్తే అది ఊరందరికీ వచ్చినట్లే. తల్లికి చదువు రాదు. పంతులుగారు గుడి అరుగు మీద కూర్చుని పైకి చదివేవారు, తల్లి రెండవసారి చదవమనేది. జవాబు కూడా పంతులుగారి చేతనే. కూతురు వ్రాసిన మాటలో మేట్రనుగారు చూచి కొట్టివేసినవి పోగా, తల్లి చెప్పిన మాటలో పంతులుగారు సర్దినవి పోగా మిగిలినది ఆ కార్డు. అయినా ఆ తల్లి దానిని బియ్యపు కుండ వెనుక దాచుకొన్నది. అటువంటి కార్డు ముక్కలు మన శతాబ్ది ప్రదర్శనలలో గాజు పెట్టెలోనికి రాలేదు. పునాదిరాయి వేసిన తాపీలు వచ్చినవి. ఇది కమిటీలవారి మీద నింద కాదు. ఎవరి ఇంటనైనా అవి మిగిలి ఉంటే తెచ్చి చూపండి అని అడుగుతున్నాము, అంతే.

తిరిగి జూలియాగారి సంగతి. ఉత్తరములు 1839తో ఆగిపోయినవి. ఆడపిల్ల ఆరోగ్యము చెడిపోతూ ఉండడము చేత ఇంగ్లండుకు తీసుకొనిపోక తప్పలేదు. ఆ రోజులలో ఇంగ్లీషు కుటుంబములకు ఇది మామూలు కష్టమే. భర్త ఉద్యోగము ఇక్కడ, బిడ్డల ప్రాణము అక్కడ. ఆ 1839 నవంబరులోనే పెను తుఫాను వచ్చి గోదావరి ముఖద్వారమున ఉన్న కోరంగి రేవును ముంచివేసింది. 1840లో థామస్ గారు ఈ దేశములోనే మరణించారు. 1842లో జూలియాగారు చార్లెస్ మెయిట్‌లండ్ అనే పాదిరిగారిని వివాహము చేసుకొన్నారు. రోము నగరపు భూగర్భ సమాధులలోని తొలి క్రైస్తవ సంఘమును గూర్చి పుస్తకము వ్రాసినవారు ఆయనే. ఆమె పిల్లల కొరకు ఒక బొమ్మ చెప్పిన కథను, ఒక పిల్లీ కుక్కా కథను వ్రాశారు. 1864లో మరణించారు. రాజమండ్రికి తిరిగి రాలేదు.

పుస్తకము 1846లో మర్రేవారు చవక ధర గ్రంథమాలలో మరల వేశారు. చాలాకాలము మరుగున పడి, 2003లో ఇంగ్లండులో తిరిగి అచ్చయినది. ఇప్పుడు దాని మీద ఆమె పేరు ఉన్నది. అయితే అందులో ఉన్నవి రాజమండ్రి నుండి పోయిన ఉత్తరములు. అంచె బంట్రోతు ఏరులు దాటి భుజము మీద మోసుకొనివచ్చి జడ్జి బంగళాలో అందించిన తల్లి ఉత్తరములు ఆ పుస్తకములో లేవు.